సగం పొట్లం

జూన్ 1, శనివారం

ఇది నా కొలతల పుస్తకం. ముందున్న పాతిక పేజీల్లో ఎవరెవరివో నడుములు, భుజాలు, చేతుల పొడవులు ఉన్నాయి. కాబట్టి ఇంట్లో ఎవరూ దీన్ని తెరవరు. ఇకనుంచి నా గోడు దీనికే చెప్పుకుంటాను. ఇదైతే ఎదురు చెప్పదు. "అది నువ్వు కాదు, నీ థైరాయిడ్" అని అసలే అనదు.

ఇవాళ సర్జన్ దగ్గరికి వెళ్ళాం. నా గొంతులో గ్రంథి పగ్గాల్లేకుండా పనిచేస్తోందట. రెండేళ్ళు మందులు మింగినా లొంగలేదు. మొత్తం తీసేస్తానన్నాడు. సరే, తీసెయ్ నాయనా అనుకున్నాను, నాకేం భయం వేయలేదు. తరవాత చెప్పిన మాటకే భయం వేసింది. ఆ గ్రంథి వెనక బియ్యపు గింజలంత చిన్న గ్రంథులు నాలుగు ఉంటాయట. ఒంట్లో కాల్షియం సంగతి చూసేవి అవే. ఆపరేషన్ తరవాత కొన్నాళ్ళు అవి సొమ్మసిల్లినట్టు పడి ఉంటాయి. ఒంట్లో డి విటమిన్ నిండుగా ఉంటే ఆ నాలుగు రోజులూ గట్టెక్కుతాం. లేకపోతే కాల్షియం పడిపోయి పెదాల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిర్లు వస్తాయి. ఇంకా పడిపోతే చేతులు కొంకర్లు పోతాయి.

చేతులు! పంతొమ్మిదేళ్ళుగా బట్టల షాపులో ఆల్టరేషన్లు కుట్టి బతుకుతున్నాను. కాళ్ళు పోతాయన్నా ఇంత కంగారు పడను.

"మీ డి విటమిన్ ఏడుందమ్మా. ముప్ఫై ఉండాలి. మీరసలు ఎండలోకి రారా?" అన్నాడు సర్జన్.

"మా మిషన్లు సెల్లార్‌లో ఉంటాయండీ," అన్నాను.

ఎనిమిది పొడి ప్యాకెట్లు రాశాడు. ఆదివారానికొకటి, పాలలో కలుపుకుని తాగాలి. ఎనిమిది వారాలయ్యాక మళ్ళీ రక్తపరీక్ష, ఆ వెనకే ఆపరేషన్. ఎండ ఊరికే వచ్చే వస్తువు. నాకు దాన్ని కూడా పొడి చేసి ప్యాకెట్లలో పోయాల్సి వచ్చింది. ఎవరిని తిట్టాలో తెలిసే తిడుతున్నాను.

జూన్ 2, ఆదివారం

తాగాను. మా ఆయనే వంటింట్లో కలిపి తెచ్చారు. నారింజ వాసన.

జూన్ 3, సోమవారం

మా ఫ్లోర్ మేనేజర్‌కి నేను పెట్టిన పేరు టేపు. జన్మలో ఒక్క కుట్టు వేసిన పాపాన పోలేదు గానీ, మెడలో టేపు మాత్రం దిగదు.

ఇవాళ పొద్దున్నే అడిగాను. మొదటి అంతస్తులో రెక్కలు తెరుచుకునే కిటికీ పక్కన ఖాళీ ఉంది, నా మిషన్ అక్కడ వేయించండి అని. ఖాళీ అంటే పూర్తిగా ఖాళీ కాదు, పాత బొమ్మలు నిలబెట్టి ఉన్నాయి. తలల్లేని బొమ్మలు పన్నెండు. రోజూ పదింటి నుంచి రెండింటి దాకా వాటి మీద ఎండ పడుతుంది. మాకేమో కింద ట్యూబ్‌లైటు.

"మీరు ముందు ఆపరేషన్ చేయించుకుని రండి మేడమ్. ఆ కోపం అదీ తగ్గాక నిదానంగా మాట్లాడుకుందాం," అన్నాడు.

నేనింకా కోప్పడనే లేదు. గొంతు కూడా పెంచలేదు. వాడు ఆ మాట అన్న తరవాతే పెంచాను. "చూశారా?" అన్నాడు, పక్కన ఉన్నవాళ్ళతో.

జూన్ 5, బుధవారం

ఆయన గురించి రాయాలి. రాయకపోతే ఎవరిమీదైనా గిన్నె విసిరేలా ఉన్నాను.

ఆయన బస్సు డిపోలో టైమ్ కీపర్. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన దేన్నీ పూర్తిగా వాడగా నేను చూడలేదు. సబ్బును చాకుతో రెండు ముక్కలు చేసి ఒకటి దాస్తారు. ఫ్యాను రెండు మీదే తిరగాలి. తలనొప్పి మాత్రను విరిచి సగమే వేసుకుంటారు, సగం నొప్పి తగ్గిందంటారు. పిసినారితనం కాదు, పాపం. భయం. ఏది ఎక్కువైతే ఏమవుతుందోనని. పోట్లాటలో కూడా అంతే. నేను ఒంటికాలి మీద లేస్తానా, ఆయన సగం వాక్యం అని, మిగతా సగం మింగేసి, బాల్కనీలో కుండీలకి నీళ్ళు పోయడానికి వెళ్ళిపోతారు. ఆ కుండీలకి కూడా సగం చెంబే.

ఈ రెండేళ్ళలో ఆయనకి ఒక ఆయుధం దొరికింది. నేను ఏం అడిగినా, ఎంత న్యాయంగా అడిగినా, జాలిగా చూసి "అది నువ్వు కాదులే" అంటారు. మరెవరండీ? పక్కింటావిడా?

జూన్ 9, ఆదివారం

తాగాను.

వదిన ఫోన్ చేసింది. ఆయన అక్కగారు. ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతారు, చెవికి ఆనిస్తే వేడి తగులుతుందట.

"ఎండ మందంటే ఒంటికి వేడి చేస్తుందని ఆ రోజే చెప్పాను కదరా తమ్ముడూ. అసలే అది మనిషి కాదు, కుంపటి. దాని మీద ఎండ కూడా పోస్తావా?"

"చూస్తానులే అక్కా," అన్నారాయన.

ఏం చూస్తారు? నా కోపానికి ఇప్పుడు విటమిన్ కూడా తోడైందన్నమాట. వినీ విననట్టు ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇప్పుడు కడుపు మండిపోతోంది.

జూన్ 16, ఆదివారం

తాగాను. ప్యాకెట్ మీద నారింజ బొమ్మ ఉంది గానీ, పాలలో ఆ వాసన అంతంతే. నా ముక్కే పనిచేయడం లేదేమో.

జూన్ 19, బుధవారం

బొత్తాల కోసం పై అరలో బిస్కెట్ల డబ్బా దించాను. బొత్తాలు లేవు. ఏమీ లేవు. మూత పెట్టి మళ్ళీ పైన పెట్టేశాను.

ఇవాళ నాకు కోపం రాలేదు. అస్సలు రాలేదు.

జూన్ 23, ఆదివారం

తాగాను.

జూన్ 30, ఆదివారం

తాగాను. గ్లాసు ఇస్తూ ఆయన నా మొహంలోకి చూడలేదు. నేను మాత్రం బాగా చూశాను. కొన్ని మాటలు అప్పటికప్పుడు అనేయకూడదు. దాచిపెట్టుకుంటే అక్కరకొస్తాయి.

జూలై 2, మంగళవారం

రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. ఇది థైరాయిడ్ వణుకు కాదు.

నలభై ప్యాంట్లు సాయంత్రానికల్లా పొడవు తగ్గించి ఇస్తామని టేపు ఎవరికో మాట ఇచ్చేశాడు. నేనూ, నా ఎదురు మిషన్ మీద ఉండే గుండీలావిడా, ఇద్దరమే. కడుపులో ఉన్నది ఏం బిడ్డో తెలియకుండానే పేరు పెట్టడం వాడికి అలవాటు. మధ్యాహ్నం మూడింటికి పైకి వెళ్ళి చెప్పాను, ఇరవై రెండే అవుతాయి, వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి అని. లెక్క చెప్పాను. ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో చెప్పాను. కౌంటర్ దగ్గర ఆరుగురు ఉన్నారు.

వాడు నాకు జవాబు చెప్పలేదు. వాళ్ళ వైపు తిరిగి, నవ్వుతూ, గొంతు తగ్గించి, "ఆవిడకి థైరాయిడ్ అండీ," అన్నాడు.

ఆ ఆరుగురూ నన్ను జాలిగా చూశారు. ఒకావిడ "మా చెల్లెలికీ ఇంతే, ఊరికే అరుస్తుంది" అంది. నలభై ప్యాంట్ల సంగతి గాల్లో కలిసిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా నయం, వాడు కనీసం నవ్వడు.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. అంతా విన్నారు. విని, "ఇంకెంత, నాలుగు వారాలు. అది తీసేస్తే నీకు ఇవేవీ అనిపించవు," అన్నారు.

ఇవేవీ అనిపించవట! నలభై ప్యాంట్లు నాకు అనిపించాయా? సెల్లార్ నాకు అనిపించిందా? ఆ క్షణాన ఆ బిస్కెట్ల డబ్బా దించి నెత్తిన బోర్లించాలనుకున్నాను. ఇంకా కాదు, ఇంకా కాదు అనుకుని పళ్ళు కొరుక్కున్నాను.

జూలై 7, ఆదివారం

తాగాను.

జూలై 14, ఆదివారం

తాగాను. ఏ ఒక్క ఆదివారమూ తప్పలేదు. ఎవరైనా అడిగితే అదే చెప్తాను.

జూలై 21, ఆదివారం

తాగాను. ఆఖరిది.

జూలై 24, బుధవారం

రక్తపరీక్షలో పదిహేను వచ్చింది.

సర్జన్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఎనిమిది వారాలకి ఇంకా పైకి రావాలే. పొడి మొత్తం వేసుకున్నారా?"

ఆయన నా పక్కనే కూర్చున్నారు. ఎర్రబడ్డ చెవులతో, కింద టైల్స్ లెక్కపెడుతూ.

"ప్రతి ఆదివారమూ తాగానండీ," అన్నాను నేను.

"కొందరికి సరిగా ఒంటబట్టదు. పోనీ, ఒక నెల వాయిదా వేద్దామా? ఇంకో నాలుగు ప్యాకెట్లు వాడి, అప్పుడు చూద్దాం. తొందరేం లేదు."

నెల వాయిదా అంటే ఇంకో నెల నేను కుంపటిని, ఇంకో నెల నా ప్రతి మాటా గ్రంథి ఖాతాలోకి. వద్దన్నాను. ఎలాగైనా వచ్చే వారమే చేసేయండి అన్నాను. ఆయన అప్పుడు తలెత్తి ఏదో అనబోయారు, సగంలో ఆగిపోయారు. ఆగిపోతారని నాకు తెలుసు. సర్జన్ కాల్షియం మాత్రలు ముందునుంచే వేసుకోమని రాసి, ఆపరేషన్ తరవాత రోజూ రక్తం చూస్తామన్నాడు.

ఇది నా నిర్ణయం. నేనేం తప్పు చేయలేదు.

జూలై 29, సోమవారం

ఆసుపత్రిలో చేరాను. ఆపరేషన్ రేపు పొద్దున. సంచిలోంచి సూది తీసి దారం ఎక్కించి చూసుకున్నాను. ఒక్కసారికే ఎక్కింది.

ఆగస్టు 1, గురువారం

రాయలేను. వేళ్ళు

ఆగస్టు 3, శనివారం

ఇవాళ పెన్ను నిలుస్తోంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు బొంగురుగా ఉంది గానీ ఉంది. మర్నాడు, అంటే బుధవారం మధ్యాహ్నం, పై పెదవి మీద చీమలు పాకుతున్నట్టు మొదలైంది. తరవాత వేళ్ళ చివర్లు. దుప్పటి అంచు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియలేదు. చూపుడువేలు మీద పంతొమ్మిదేళ్ళ కాయ ఉంది, దాన్ని గోటితో గిల్లాను. ఎవరి వేలో గిల్లినట్టుంది.

నర్సు బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది. పట్టీ బిగిసే కొద్దీ నా చెయ్యి దానంతట అదే మణికట్టు దగ్గర వంగింది. బొటనవేలు అరచేతిలోకి పోయింది, మిగతా వేళ్ళు ఒక్కచోటికి చేరి బిగుసుకున్నాయి. సూది పట్టుకున్నట్టే ఉంది, సూది లేదు. విప్పుదామంటే వేళ్ళు నా మాట వినవు. నేను అరిచాను. గొంతు రాలేదు.

నర్సు పట్టీ ఊడదీసి పరిగెత్తింది. ఛాతీకి వైర్లు అతికించి, సెలైన్‌లో కాల్షియం నెమ్మదిగా ఎక్కించారు. ఆ కాసేపూ నేను చేతినే చూస్తూ పడుకున్నాను. ఇంక సూది పట్టలేనేమో, పట్టలేనేమో అని ఒకటే జపం. ఆరోజు నాకు కోపం రాలేదు. ఈసారి నిజంగానే రాలేదు. భయం తప్ప ఇంక దేనికీ చోటు లేదు.

సర్జన్ వచ్చాడు. అప్పుడు ఆయన, మంచం అవతల గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి, ఉన్నట్టుండి చెప్పేశారు.

"డాక్టర్ గారూ, నేనే. సగమే కలిపాను. ఎనిమిది వారాలూ సగం సగమే. మిగతాది పొట్లాలు కట్టి డబ్బాలో పెట్టాను. వేడి చేస్తుందేమోనని... తనకి అసలే కోపం ఎక్కువ కదా, ఎండ మందు ఇంకా పెంచుతుందేమోనని భయం వేసిందండీ."

సర్జన్ అన్న మాటలు రాయడం నాకిష్టం లేదు. వార్డంతా వినేలా అన్నాడు. చదువుకున్నవాడివి కాదా, మందు నీ ఇష్టమొచ్చినట్టు కొలుస్తావా, విటమిన్‌కి వేడేమిటి, ఆవిడ చేతులతో బతికే మనిషి కదా అని. ఆఖరున కొంచెం తగ్గి, పూర్తిగా వేసుకున్నా కొందరికి ఇలా కావచ్చు, వేసుకుని ఉంటే మాత్రం ఇంత దూరం వచ్చేది కాదేమో అన్నాడు.

ఆయన ఏడ్చారు. నిలబడే ఏడ్చారు. ఈసారి సగం కాదు, నిండా ఏడ్చారు.

నేను తేలు కుట్టిన దొంగలా పడుకుని ఉన్నాను.

ఆగస్టు 6, మంగళవారం

ఇంటికొచ్చాం. కాల్షియం మాత్రలు రోజుకి మూడు పూటలా, దాంతోపాటు డి విటమిన్‌లో వేరే రకం. తిమ్మిర్లు పొద్దున లేవగానే కొంచెం ఉంటున్నాయి. ఆయన మాత్రలు లెక్కపెట్టి అరచేతిలో పోసి, నేను మింగేదాకా నిలబడుతున్నారు. వదిన ఫోన్ చేస్తే తీయడం లేదు.

ఇప్పుడు రాస్తాను. జూన్ 19న ఇక్కడ రాసినది అబద్ధం. పుస్తకానికే అబద్ధం చెప్పాను, నాకంటే సిగ్గులేనిది ఉంటుందా!

బిస్కెట్ల డబ్బాలో బొత్తాలు లేవు, నిజమే. పాత క్యాలెండర్ కాగితంతో కట్టిన మూడు పొట్లాలు ఉన్నాయి. ఒకటి విప్పి వాసన చూశాను. నారింజ. ఒక్కో పొట్లం మీద పెన్సిలుతో తేదీ కూడా వేశారు మహానుభావుడు. డిపోలో బస్సులకి టైమ్ రాసినట్టు.

అప్పుడే ఆ పొడి నోట్లో పోసుకుని ఉంటే సరిపోయేది. ఆయన్ని పిలిచి నిలదీసి ఉంటే అయిపోయేది. నేను ఆ పొట్లాన్ని జాగ్రత్తగా, అదే మడతల్లో మడిచి, మూత పెట్టాను. ఎందుకంటే నాకు సంతోషం వేసింది. అవును, సంతోషమే. రెండేళ్ళుగా నేను ఏం మాట్లాడినా గ్రంథి మాట్లాడినట్టే లెక్క. ఇన్నాళ్ళకి ఒక తప్పు దొరికింది, దాన్ని ఎవరూ నా గొంతు మీదకి తోయలేరు. తేదీలతో సహా రుజువు. దాన్ని పోగుచేయనివ్వాలనుకున్నాను. ఎనిమిదీ పోగయ్యాక, నా గొంతులో గ్రంథి కూడా పోయాక, అందరి ముందూ టేబుల్ మీద పరుస్తాననుకున్నాను.

అందుకు నా వేళ్ళు తాకట్టు పెట్టాను. సర్జన్ నెల రోజులు ఆగుదామంటే కూడా ఆగలేదు.

ఆగస్టు 11, ఆదివారం

చెప్పలేదు.

ఆగస్టు 13, మంగళవారం

ఆయన టీ పెట్టారు. చెప్పలేదు. మింగలేక కక్కలేక చస్తున్నాను.

ఆగస్టు 19, సోమవారం

పనిలోకి వెళ్ళాను. సూదిలో దారం మూడోసారికి ఎక్కింది. గుండీలావిడ చూసి, "నేనెక్కించనా అక్కా?" అంది. వద్దన్నాను. నాలుగో సూదికల్లా ఒక్కసారికే ఎక్కింది. బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చి వచ్చాను.

పదకొండింటికి టేపు దిగాడు. మెడ మీద గాటు చూసి, "హమ్మయ్య. ఇప్పుడు చల్లబడ్డారు కదా మేడమ్?" అన్నాడు.

"జూన్ మూడున ఒకటి అడిగాను. మొదటి అంతస్తులో కిటికీ పక్కన మిషన్ వేయించమని. మళ్ళీ అడుగుతున్నాను," అన్నాను. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు కాబట్టి అరవడం కుదరదు. మెల్లగానే అన్నాను.

"అది... కోపం తగ్గాక మాట్లాడదామనుకున్నాం కదా."

"తీసేశారు. సీసాలో వేసి పరీక్షకి పంపారు. కోపం మాత్రం ఇక్కడే ఉంది. ఇప్పుడు మాట్లాడండి."

వాడు నా మెడ వైపు చూశాడు. అక్కడ ఇంక వాడికి పనికొచ్చేదేమీ లేదు. ఓనరుగారిని అడగాలి, కరెంటు పాయింటు చూడాలి అని నసిగాడు. పాయింటు ఉంది, చూసే వచ్చాను అన్నాను. గుండీలావిడ తన మిషన్ ఆపి, "నాదీ పైకే," అంది.

బొమ్మల్ని ఇవాళే కిందికి దింపించాం. మొత్తం పన్నెండింటినీ. రేపటినుంచి వాటికి ట్యూబ్‌లైటు.

ఆగస్టు 25, ఆదివారం

పొద్దున ఆయన పాల గ్లాసు తెచ్చారు. పోయిన వారం సర్జన్ మళ్ళీ ఎనిమిది ప్యాకెట్లు రాశాడు, అందులో మొదటిది. గ్లాసు నా చేతికిచ్చి, ఖాళీ ప్యాకెట్ రెండు వైపులా చించి, లోపలి భాగం వెలుతురుకి పట్టి చూపించారు. గింజ పొడి లేదు. పిల్లాడు హోంవర్క్ చూపించినట్టు చూపించి నిలబడ్డారు.

ఇంక నావల్ల కాలేదు.

"ఆ పొట్లాలు నేను ముందే చూశాను," అన్నాను.

"ఎప్పుడు?"

"మూడోది కట్టాక. జూన్‌లో."

ఆయన కుర్చీ అంచు పట్టుకున్నారు. పేలవంగా నవ్వబోయి ఆగిపోయారు. నేను ఎదురుచూశాను, ఇప్పుడు సగం వాక్యం అని బాల్కనీలోకి వెళ్తారని. చెంబు అక్కడే ఉంది.

వెళ్ళలేదు.

"తెలిసీ తాగావా?" అన్నారు. మొదట మెల్లగానే. తరవాత ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. "తెలిసీ ఊరుకున్నావా? నేను తెలివితక్కువ వెధవని, భయస్తుణ్ణి, తెలియక చేశాను! నువ్వు తెలిసి చేశావు! డాక్టరు ఆగుదామన్నాడు కదే! ఆ రోజు నీ చెయ్యి అలా వంకరపోతుంటే, నేనే చంపేశానని గోడకి తల కొట్టుకున్నాను. నువ్వు చూస్తూ పడుకున్నావు! నీ చేతులకంటే నా మీద కక్షే ఎక్కువైపోయిందా?"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఆయన దాన్ని చూశారు, చూసి కూడా తగ్గించలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, మొదలుపెట్టిన ప్రతి వాక్యాన్నీ చివరిదాకా అన్నారు. గ్లాసులో పాలు అదిరాయి. టేబుల్ మీద ఆయన గుద్దిన గుద్దుకి.

"అవును," అన్నాను. "రెండేళ్ళు నేనేమన్నా గ్రంథి అన్నారు. తప్పు మీదేనని తేలే మాట ఒక్కటి కావాలనిపించింది. దానికోసం ఎంత దూరమైనా పోయేదాన్ని. పోయాను. అది తప్పు. ఆ తప్పు చేసింది నేను, నా థైరాయిడ్ కాదు."

ఆయన రొప్పుతున్నారు. మొహం కందిపోయింది. ఆయన గొంతులో గ్రంథి నిక్షేపంలా ఉంది, పోయిన నెల పరీక్షలో అంతా సవ్యమే అన్నారు. అది మీరు కాదులెండి అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికో ఆ మాట అనడం. అనలేదు.

"మీరు కోప్పడటం న్యాయమే," అన్నాను.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. నావైపు చూశారు, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు. "నువ్వు షాపులో కిటికీ పక్కన చోటు అడిగావే... అది కూడా న్యాయమే కదూ," అన్నారు.

"న్యాయమే."

"నలభై ప్యాంట్లు?"

"ఇరవై రెండే అవుతాయండీ. ఎవరు కుట్టినా అంతే."

ఆయన తల ఊపారు. ఇంకా కోపంగానే ఉన్నారు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు, ఇది రాసే వేళకి కూడా మాట్లాడలేదు. ఉండనీ. తగ్గమని నేను చెప్పను.

పాలు అప్పటికే చల్లారిపోయాయి. అడుగున పొడి పేరుకుంటే వేలితో కలిపాను. వేలికి చల్లగా తగిలింది.

తాగాను. మొత్తం.